అక్క చెయ్యి

నలభై ఏళ్ల కిందట సుశీల ఏ సంప్రదాయానికీ లొంగకుండా సొంతంగా కూర్చిన నాట్యం అది. ఇప్పుడు గద్వాల మ్యూజియంలో అద్దంలాంటి తెర ముందు నిలబడితే, మన పక్కనే ఆమె ఆడుతున్నట్టు తెరలో కనిపిస్తుంది. పాత ఫిల్ములో ఏడేళ్ల చెల్లెలు కూడా ఆడింది కానీ, ఆ పిల్ల బొమ్మ చెరిగిపోయింది. అందుకని చివర్లో, పిల్ల తల ఉండాల్సిన చోట, సుశీల చెయ్యి నడుమెత్తులో ఖాళీ గాలిని నిమురుతుంది.

ఆ ఫిల్ము తీసిన ఏడే సుశీల చనిపోయింది. చెల్లెలు బాలమణి ఇప్పుడు ఆ హాలు ఊడుస్తుంది. రోజూ చీకటిపడి జనం వెళ్లిపోయాక, ఆ చేతి కింద మోకాళ్ల మీద కూర్చుంటుంది.

రేపు తెర వనపర్తికి పోతుంది.

“తాళమెయ్యాలె, రా బాలమణమ్మా,” బయటి నుంచి వాచ్‌మన్ పిలిచాడు.

“వస్త అన్నా, జర ఆగు.” ఆమె తెర వైపు తిరిగింది. “అక్కా, ఇయ్యాల మోకాళ్లు వంగుతలేవు. ఏమనుకోకు.”

నిలబడే ఉంది. నాట్యం చివరికొచ్చింది. తెరలో బాలమణి నడుము దగ్గర ఆగాల్సిన చెయ్యి ఆగలేదు. మెల్లగా భుజం దాటి లేచి, నెరిసిన పాపిట మీద వాలింది.

ఫిల్ము అక్కడితో అయిపోవాలి. తెరలో సుశీల ఆ తెల్లజుట్టునే చూస్తూ నిలబడిపోయింది.

బాలమణి పక్కకి తిరగలేదు. తిరిగితే అక్కడ ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు.