తొమ్మిది చిట్టీలు

చెన్నూరు మైదానంలో కప్పు గెలిచి పావుగంట కాలేదు, సిరిసిల్ల బాస్కెట్‌బాల్ జట్టు రెండు ముక్కలైంది. ఎదుటి జట్టు నలభై నిమిషాలు చెమటోడ్చినా చేయలేని పనిని ఒక్క 'బెస్ట్ ప్లేయర్' బహుమతి చిటికెలో చేసి చూపించింది.

ఈ టోర్నమెంటులో అదో ఆచారం. గెలిచిన జట్టులో అందరికన్నా విలువైన ఆటగాడెవరో ఆ జట్టువాళ్లే చిట్టీలు రాసి తేల్చాలి. ఏటా దక్కేది ఓ మెమెంటో. అది బీరువా మీద కూర్చుని దుమ్ము తింటుంది. ఈసారి మాత్రం ఉట్నూర్‌లో బడి నడిపే ఓ పెద్దమనిషి కప్పు ఇస్తూ ఇస్తూ, ఆ ఆటగాణ్ణి తన బడిలో పీఈటీగా పెట్టుకుంటానని మైకులో చెప్పేశాడు.

ఆ మాట అంజన్నకు చెవిలో కాదు, కడుపులో పడింది. ఆరేళ్లుగా సాంచాల షెడ్డులో రోజుకు పన్నెండు గంటల పని. ఆ మరమగ్గాల మోతకు ఎడమ చెవి అప్పుడే సగం రిటైరైంది. ఫైనల్లో ముప్పై ఒక్క పాయింట్లు అతనివే. బంతిని బుట్టలో వేయడమే తప్ప మనుషుల్ని బుట్టలో వేయడం తెలియనివాడని జట్టంతా అనేది.

పోటీ అరుణ్‌తో. అరుణ్ వేసినవి ఆరే పాయింట్లు. కానీ అవతలి జట్టులో తాటిచెట్టంత మనిషిని ఆటంతా కదలనీయకుండా కట్టేసింది అతనే.

"ఆరు పాయింట్లకు నౌకరా? గట్లయితే బంతులు మోసినోనికి కలెక్టర్‌గిరి ఇయ్యుర్రి!" అన్నాడు అంజన్న వైపు మల్లేష్.

"అరే, గా పొడుగోన్ని ఇడిసిపెడితే మీ ముప్పై ఒకటి ఏ మూలకస్తుండె?" అన్నారు అరుణ్ వైపువాళ్లు.

శ్రీహరిని అడిగారు. శ్రీహరి, అంజన్న చిన్నప్పటి దోస్తులు. ఒకే గల్లీ, ఒకే షెడ్డు, పక్కపక్క సాంచాలు. మైదానంలో అంజన్న చేతికి బంతి అందించేది శ్రీహరే. అందరికీ పాసులిచ్చి తాను మాత్రం పదో తరగతి పాస్ కాలేదని అతని మీదో జోకు.

"అరుణ్ ఆపకుంటె ఓడిపోదుము. అబద్ధమెందుకు చెప్పాలె?" అన్నాడు శ్రీహరి.

అంజన్న అతని రెక్క పట్టుకుని పక్కకు లాగాడు.

"ఏందిరా, గట్ల మాట్లాడ్తున్నవ్?"

"ఉన్నమాటన్న. చిట్టీ సంగతి వేరే. పొద్దుగాల బస్సుల అనుకున్నం గదా, నేను నీ పేరు, నువ్వు నా పేరు. గంతే. ఫికర్ జెయ్యకు."

టోర్నమెంటు పెద్ద దేవదాస్ సార్ తొమ్మిది మందికీ తొమ్మిది కాగితం ముక్కలు పంచాడు. "ఎవని పేరు వాడు రాసుకోవద్దు. సంతకం అక్కర లేదు గని, సిగ్గుండాలె" అంటూ ఖాళీ చాయ్ కెటిల్ తిప్పాడు. అందరూ అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. అందరికన్నా ముందు రాసింది అంజన్న. నాలుగు మడతలు పెట్టి మరీ వేశాడు.

సార్ ఒక్కో చిట్టీ విప్పి పైకి చదివాడు. చివరి చిట్టీ దాకా శ్రీహరి తల ఎత్తి విన్నాడు. ఆ తర్వాత దించుకున్నాడు.

"అరుణ్ అయిదు, అంజన్న నాలుగు" అన్నాడు సార్.

ఒక్క చిట్టీ. అదొక్కటి ఇటు పడితే ఉట్నూర్ బడిగంట అంజన్న కోసం మోగేది. ఇప్పుడిక బతుకంతా సాంచాల మోతే. తల దించుకున్నవాణ్ణి చూశాక, ఆ ఒక్కడెవరో వెతకాల్సిన పని లేదనిపించింది.

"నువ్వే గదరా!" అరిచాడు అంజన్న. జట్టంతా తిరిగి చూసింది.

"నీ పేరే రాసిన. మా అవ్వ మీద ఒట్టు."

"మీ అవ్వ చేతి బువ్వ నేను గూడ తిన్న. ఆమె మీద దొంగ ఒట్టు పెట్టకు. పదేండ్ల సంది పాసులిచ్చి, ఇయ్యాల గొంతు కోసినవ్ గదరా!"

"గింత లొల్లెందుకు?" మల్లేష్ కెటిల్ వైపు నడిచాడు. "చిట్టీలు తీద్దాం. మన రాతలు మనకు తెల్వయా?"

"వద్దు!" అంజన్న అడ్డం వచ్చాడు. "వద్దు మల్లేషూ. వీని రాత జూస్తె నా పానం పోతది. ఏ కాగితమూ వద్దు, వీని మొకమే చెప్తది."

ఎంత పెద్ద మనసు అనుకున్నారు అందరూ. మల్లేష్ కళ్లు తుడుచుకున్నాడు. శ్రీహరి పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి దూరం జరిగారు. బల్ల మీద అతనొక్కడే మిగిలాడు.

"రేపటి సంది నా పక్క సాంచ మీద నిలవడకు" అన్నాడు అంజన్న. "నాకో దోస్తుండె. ఇయ్యాల సచ్చిండు."

శ్రీహరి లేచి, సంచి భుజాన వేసుకుని, అంజన్నకు మాత్రమే వినపడేంత దగ్గరికొచ్చి ఆగాడు.

"తొమ్మిది చిట్టీలు సదివిండ్రు, ఒక్కదాంట్ల గూడ నా పేరు లేకపాయె, మరి నువ్వెవని పేరు రాసినవని నేను నిన్ను అడిగిన్నా రా, అంజీ?"