కంచెకు ఇవతలి బంతి

నేను తెంపి చూపించిన ప్రతి టమాటాకూ ఒక కన్నం ఉంది. పంటల సలహాదారు వాటిని పక్కన పడేసి, కంచె పొడవునా విరగబూసిన బంతి పూల వైపు చూశాడు.

"ఇక్కడ బంతి ఎవరు వేశారమ్మా?"

"మా అన్నయ్య. కంచెకి అవతలి తోట తనదే. బంతిపూలంటే నాకు ప్రాణమని తనే నారు తెచ్చి, తనే నాటి వెళ్లాడు."

అమ్మ పోయాక నా ఇష్టాలు గుర్తున్నది అన్నయ్యకొక్కడికేనని, కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

సలహాదారు ఒక మొగ్గ చీల్చాడు. లోపల పచ్చటి పురుగు ముడుచుకుని ఉంది.

"రెక్కలొచ్చాక ఈ పురుగుల్లో ఆడది గుడ్లు పెట్టే చోటుని వాసన పట్టి వెతుక్కుంటుంది. టమాటా కన్నా బంతి వాసనంటే దానికి మోజు. అందుకే బంతిని ఎరగా వేస్తాం. కానీ పురుగు పట్టిన మొగ్గలు ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి. లేకపోతే పక్కనున్న కాయల మీద పడుతుంది. మీ అన్నయ్య చెప్పలేదా?"

"తనకి మాత్రం ఏం తెలుసండీ, పాపం!"

ఆయన ఇబ్బందిగా చేతులు దులుపుకున్నాడు.

"ఆయనకి నేనే చెప్పానమ్మా. రోజూ మొగ్గలు తుంచే ఓపిక నాకెక్కడిదండీ అన్నారు. ఎర నా తోటలోనే ఉండాలా, కాస్త పక్కనున్నా పనిచేస్తుందా అని అడిగారు."

కంచెకు అవతల, మచ్చలేని టమాటాల మధ్య నుంచి అన్నయ్య చెయ్యూపాడు.

"చెల్లెమ్మా, పూలు భలే పూశాయే! వచ్చే పంటకి ఇంకో రెండు వరుసలు వేసిపెడతాలే. నీకు ప్రాణం కదా!"