ఆకుపచ్చ వీడ్కోలు

సందెవేళ మాణిక్యాంబ డాబా మీద ఎండిన వడియాలు ఎత్తుతుండగా ఆకాశబస్సు పైకి లేచింది. పక్క డాబా మీది జనార్దనం లేజరు వెలిగించి దాని కిటికీల మీద పెట్టాడు. అతని భార్య సరళ సెలవు ముగించుకుని ఓడరేవులో ఉద్యోగానికి తిరిగి వెళుతోంది. బస్సులు ఆకాశానికెక్కాక ఊళ్లో సాగనంపడమంటే ఇదే అయిపోయింది. కనుమరుగయ్యేదాకా ఆ ఆకుపచ్చ వెలుగు పట్టకపోతే ప్రేమ లేనట్టే లెక్క.

"దించు నాయనా. నడిపే పిల్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి."

"రెండు నిమిషాలే పిన్నిగారూ. వెలుగు కనబడకపోతే ఫోనులో వారం రోజులు సాధిస్తుంది."

"సాధించడానికి మనిషి క్షేమంగా దిగాలి కదా."

అతను నవ్వాడు గానీ దించలేదు. బస్సు ఒక్కసారిగా పక్కకు ఒరిగి, నీళ్ల ట్యాంకులకు తగిలేంత కిందికి వచ్చి, ఎలాగో నిలదొక్కుకుని సాగిపోయింది.

జనార్దనం లేజరు ఆర్పేశాడు. మాణిక్యాంబ పోలీసులకు చెప్పడానికి ఫోను తీసింది. బస్సు మీద లేజరు వేసి పట్టుబడ్డవాళ్లను ఏడాదిపాటు ఏ బస్సూ ఎక్కనివ్వరు. సరళకు సెలవు ఏడాదికొక్కసారే. మధ్యలో నెలకోసారి అతనే వెళ్లి చూసివస్తుంటాడు. తాను సాగనంపిన మనిషి మళ్లీ తిరిగి రాని ఇల్లు మాణిక్యాంబది. ఆమె నంబరు నొక్కింది.

"నా పేరు చెప్పేస్తారా పిన్నిగారూ?"

"చెప్తాను నాయనా. ఇవాళ ఊరుకుంటే రేపు మళ్లీ నువ్వే వేస్తావు."

పేరు, ఇంటి నంబరు చెప్పింది. "అతను ఇంకా అక్కడే ఉన్నాడా అమ్మా?" అని అవతలి గొంతు అడిగింది.

ఉన్నాడు. బస్సు కనబడని ఆకాశం వైపు తిరిగి, ఉత్త చెయ్యి ఊపుతున్నాడు.