అవ్వ గదిలో రెండో ఫోను

కల్వకుర్తిలో ఆ వీధి మొత్తానికి ఇంటర్నెట్ ఉన్న ఇల్లు లింగయ్యదే. ఆ సాయంత్రం అతని కూతురు కౌసల్య డిగ్రీ ఫలితం అందులోనే రావాలి. చీకటి పడింది. ఫోను తీగకు తగిలించిన మోడెం మాత్రం ఎంతకూ కూయడం లేదు.

"లైన్‌మన్‌ను పిలుస్త బిడ్డా."

"జర ఆగు బాపు. నేను చూస్తున్న గదా."

ఆమె తీగలు ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించింది. మోడెం ఆర్పి వెలిగించింది. లాభం లేదు.

"సమజైంది. గిదే లైన్ మీదున్న ఇంకో ఫోను ఎవలో ఎత్తిండ్రు. గట్లయితే గిది పని చెయ్యది."

"నా బిడ్డంటే ఏమనుకుంటున్నరు!" అంటూ లింగయ్య మీసం దువ్వాడు. అంతలోనే అతని చెయ్యి ఆగిపోయింది.

రెండో ఫోను అవ్వ గదిలో, అంటే అతని తల్లి గదిలో ఉంది. అవ్వ పోయి వారం కాలేదు. దినాలు అయ్యేదాకా తెరవకూడదని ఆ తలుపుకు గొళ్ళెం పెట్టారు. గొళ్ళెం పెట్టినట్టే ఉంది.

కౌసల్య ముందుగదిలోని రిసీవర్ మెల్లగా ఎత్తి చెవికి ఆనించుకుంది.

"మా పిల్ల పాసైంది," అంటోంది అవ్వ గొంతు. "ఫస్ట్ క్లాసుల. మా ఇంట్ల ఇంత చదువు ఎవలు చదివిండ్రు?"

ఫలితం ఇంకా ఎవరూ చూడలేదు.

గర్వంతో కౌసల్య గుండె ఉప్పొంగింది. రిసీవర్‌ను మాత్రం చెవి నుంచి కాస్త దూరం జరిపింది.

అవ్వ కాసేపు ఆగింది. అవతలివాళ్ళు ఏదో అడిగినట్టున్నారు. నవ్వింది.

"ఈడనే ఉంది, ఇంటాంది. జర ఆగు, నువ్వే మాట్లాడు దానితోని."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.