మోకాళ్ల మిట్ట మొక్కు

“కింద కూర్చోకూడదు. బాసింపట్టు వేయకూడదు. మోకాలు నేలకు ఆనించనే కూడదు” అన్నాడు డాక్టర్ సంపత్కుమార్.

“ఎన్నాళ్లు డాక్టరుగారూ?” అని అడిగింది మంచం మీదున్న రమామణి.

“ఈ జన్మకంతే.”

రమామణి ముఖం మాడిపోయింది. ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. కాలు బాగుంది. చిక్కంతా మొక్కుతోనే.

ఆమె రిటైరైన టీచరు. ముప్పయ్యేళ్లు నానా ఊళ్లల్లో పిల్లలకు లెక్కలు చెప్పి, తిరుపతిలో కొడుకు దగ్గర చేరింది. చేరిన ఏడాదికే కుడి మోకాలి కీలులో గడ్డ పెరిగింది. లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే గడ్డట. అది క్యాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకు పంపిన రోజు, భయంతో నోటికొచ్చిన మొక్కు మొక్కేసింది.

“స్వామీ, ఇది మంచి గడ్డయి నా కాలు నాకు దక్కితే, అలిపిరి దారిలో మోకాళ్ల మిట్టను మోకాళ్ల మీదే ఎక్కుతాను.”

స్వామి తన వంతు తాను చేశాడు. గడ్డ క్యాన్సర్ కాదు. దాన్ని తీసేసి, పాడైన కీలు మార్చి కొత్తది వేశారు. ఇక మిగిలింది ఈమె వంతే.

సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు.

“తలనీలాలున్నాయి, నిలువుదోపిడీ ఉంది. అవన్నీ వదిలేసి, మోకాలు బాగవ్వాలని మోకాలినే మొక్కుతారా అమ్మా?”

“భయంలో ఏం తోస్తుందండీ? దిండు కట్టుకుని ఎక్కితే?”

“దిండైనా పరుపైనా కుదరదు!” అని విసవిసా వెళ్లిపోయాడు.

ఆ గదిలో రెండో మంచం పోలేరమ్మది. ఆమెకు రెండు మోకాళ్లూ మార్చారు. దగ్గరుండి చూసుకుంటున్నది కొడుకు వెంకటముని. నలభై దాటిన మనిషి, పలమనేరు దగ్గర ఆవులు పెట్టుకుని పాలు పోస్తాడు. చెవులు మాత్రం ఎప్పుడూ ఈ మంచం వైపే.

“అమ్మా, మీ మొక్కు ఇంకొకరు తీర్చినా సెల్లుతాది” అన్నాడు.

“ఎవరు చెప్పారు నీకు?” అని గద్దించింది రమామణి.

వెంకటముని గబుక్కున లేచి నిలబడ్డాడు. “అందురూ అంటా ఉంటారమ్మా.”

“అలా అయితే మా వాసుదేవ్ తీరుస్తాడులే.”

పక్కన ఫోను చూసుకుంటున్న కొడుకు ఉలిక్కిపడ్డాడు.

“అమ్మా, నాకు నడుం నొప్పి!”

“నిన్న లేదే?”

“ఇప్పుడే మొదలైంది.”

వెంకటముని ఊరుకుంటేనా? “మీదేం గోత్రం అమ్మా?” అన్నాడు.

“నీకెందుకయ్యా? సంబంధం చూస్తావా?”

“కాదమ్మా... పోనీ నచ్చత్రమన్నా సెప్పండి.”

రమామణికి ఒళ్లు మండింది. “సిస్టర్!” అని ఒక్క కేక పెట్టింది. నర్సు గ్రేసీ పరుగెత్తుకొచ్చింది.

“ఈ మనిషి నన్ను పీక్కు తింటున్నాడు. వాళ్లని ఇంకో గదికన్నా మార్చు, నన్నన్నా మార్చు!”

గంటలో పోలేరమ్మ మంచం కదిలింది. వెంకటముని గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పోయొస్తానమ్మా.”

“పో. రావద్దు” అంది రమామణి.

ఇంటికొచ్చాక ఆమెకు మనశ్శాంతి లేదు. పాలు విరిగినా, మనవడికి జలుబు చేసినా, కరెంటు పోయినా మొక్కు తీర్చనందుకే అనిపించేది. ఒకరోజు కొత్త మోకాలు టక్కుమంది. ఇక ఆగలేకపోయింది. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, వచ్చే శనివారం ఎక్కి తీరాలనుకుంది. కొడుక్కి తెలియకుండా మోకాళ్లకు కట్టుకోవడానికి రెండు బుల్లి దిండ్లు కూడా కుట్టించింది.

ఈలోగా ఆరు వారాల చెకప్ వచ్చింది. ఎక్స్‌రే చూసి డాక్టరు మెచ్చుకున్నాడు. ఆమె బయటికి రాగానే గ్రేసీ ఒక కవరు చేతిలో పెట్టింది. అందులో రెండు లడ్లు.

“మూడుండాల్నమ్మా. ఒకటి నేను తినేసినా” అంది గ్రేసీ.

“ఎవరిచ్చారు?”

“మీరు గదిలోనుంచి పంపించేసినారే, ఆ వెంకటముని. మొన్న శనివారం మీ పేరు మీద మోకాళ్ల మిట్ట ఎక్కినాడంట, మోకాళ్ల మీదనే. మీరు గోత్రం చెప్పకపోతిరి. అందుకని ‘రమామణమ్మ, రూము నంబరు రెండొందల నాలుగు, కుడి మోకాలు’ అని మీ దేవునికి చెప్పుకున్నాడంట.”

రమామణికి నవ్వు వచ్చింది. ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అన్నేసి మాటలు అని తను తరిమేసిన మనిషే తన కోసం మెట్లెక్కాడు! సిగ్గుతో చితికిపోయింది.

“అయ్యో, నా చేతికే ఇచ్చి ఉండొచ్చు కదా సిస్టర్?”

“ఇంటి అడ్రస్సు ఇస్తానంటే వద్దనేసినాడమ్మా. మీ ఎదురుగా రావాలంటే భయమంట.”

“నేనేం పులినా? పాపం, మోకాళ్లు ఏమయ్యాయో!”

“రెండూ తోలు లేసిపోయుండాయి. నేనే మందు రాసినా. ‘ఎవరో ఏమో, ఆమె కోసం ఇంత బాధ ఎందుకప్పా?’ అంటే నవ్వినాడు.”

“ఏమన్నాడు?”

“‘బాధేముంది సిస్టర్, పదమూడో ఎక్కం రాలేదని ఆరో తరగతి పొడుగునా ఈ టీచరమ్మ నన్ను మోకాళ్ల మీదనే నిలబెట్టె, నాకు అలవాటే’ అన్నాడమ్మా.”