అరికాలి కబురు

"ఇప్పుడు?"

"బొటనవేలు."

"ఇప్పుడు?"

"అరికాలు. చక్కిలిగింతలు పెట్టకే బాబూ, మంచం మీంచి దూకేస్తాను!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని నూనె గిన్నె అందుకుంది. వేళ్లు, అరికాలు, మడమ... ఆ వరస ఆమె చేతులకి అలవాటైపోయింది.

అతను సైన్‌బోర్డులు రాసే పెయింటర్. చెప్పుల షాపు పేరు రాస్తూ నిచ్చెన మీంచి వెనక్కి పడ్డాడు. మెడ విరిగింది. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. మెడకి వేసిన పట్టీ వల్ల చూపు సీలింగ్ దాటి కిందికి దిగదు. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆసుపత్రి నుంచి పంపేముందు డాక్టరు ఆమెని కూర్చోబెట్టి చెప్పాడు.

"నరాల్లో రెండు రకాల పోగులుంటాయమ్మా. ఒక రకం, చర్మం దగ్గర్నుంచి మెదడుకి కబురు మోస్తాయి. వేడి, చలి, నొప్పి, అన్నీ. రెండో రకం, మెదడు ఆజ్ఞని కండరాలకి తెస్తాయి. ఈయనకి ఆజ్ఞ తెచ్చే దారి తెగిపోయింది. కబురు వెళ్లే దారి ఇంకా కాస్త మిగిలినట్టుంది. గుచ్చితే తెలుస్తోంది అంటున్నారు. ఆ స్పర్శ నిలబడితే, ఎప్పటికో కదలిక కూడా రావచ్చు."

"నిలబడకపోతే?"

డాక్టరు చేతిలోని పెన్నుకి మూత పెట్టాడు.

ఆమె ఆ మిగిలిన దారిని పట్టుకుని వేలాడింది. బేకరీలో పని మానేసింది. అతన్ని తిప్పి పడుకోబెట్టడం, ఒళ్లు తుడవడం, పాదాలు మర్దనా చెయ్యడం. ఆమెకి పొద్దెప్పుడు పొడుస్తోందో తెలియకుండా పోయింది.

ఆ సాయంత్రం అక్క వచ్చింది. చెల్లెల్ని వంటగదిలోకి లాక్కెళ్లింది.

"అద్దంలో మొహం చూసుకున్నావటే? పుల్లలా అయిపోయావు. ఇలాంటివాళ్లని చూసుకునే హోం ఉంది. మాట్లాడొచ్చాను. మంచి నర్సులున్నారు."

"వద్దక్కా."

"నువ్వు కూడా పడకేస్తే ఆయన్ని ఎవరు చూస్తారే?"

"ఏమీ తెలియని మనిషైతే ఎక్కడున్నా ఒకటే. ఆయనకి నా చెయ్యి తెలుస్తోంది. తెలిసే మనిషిని పరాయి చేతుల్లో ఎలా పెట్టను?"

"నిజంగా తెలుస్తోందా?"

"ఎక్కడ ముట్టుకుంటే అక్కడ చెప్తారు."

అక్క ఆమె తల నిమిరి వెళ్లిపోయింది.

ఆమె కుళాయి తిప్పి చాలాసేపు మొహం కడుక్కుంది. గదిలోకి వచ్చి, అతని కాళ్ల దగ్గర స్టూలు జరుపుకుని కూర్చుంది. నూనె గిన్నె అందుకోవాలి. చేతులు లేవలేదు. అన్నాళ్లు బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా పొంగింది. చప్పుడు బయటికి రాకుండా అరచేతుల్లో మొహం దాచుకుంది.

"అక్క వెళ్లిందా?"

"ఊఁ."

అతను సీలింగ్‌నే చూస్తూ, ఎప్పటి గొంతుతోనే అన్నాడు:

"అబ్బ! చేతులు ఎంత చల్లగా ఉన్నాయే! పర్లేదు, తియ్యకు. పాదాలకి హాయిగానే ఉంది."

ఆమె ఇంకా అతన్ని ముట్టుకోలేదు.