బేస్‌మెంట్‌లో ఎండ

పెరట్లో ఆ ముసలి ఫ్రెంచాయన సూర్యుణ్ణి నిలబెడుతున్నాడు.

ముందు పార పట్టుకుని బేస్‌మెంట్ కిటికీని మూసేసిన మంచునంతా తనే తోసేశాడు. తర్వాత పెద్ద లైటొకటి స్టాండు మీదికెక్కించి, దానికి పసుపు కాగితం తొడిగాడు. స్విచ్ వేయగానే కెనడా, బ్రాంప్టన్‌లోని ఆ నేలమాళిగలోకి మొట్టమొదటిసారి ఎండ వచ్చింది. అందులో అద్దెకుండే ఏనీ తన చేతులు చూసుకుంది. వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి పగిలిపోయిన చేతులు కూడా ఆ వెలుగులో బాగానే ఉన్నాయి.

ఆయన పేరు బాస్టియెన్ కోర్వెల్. సినిమాటోగ్రాఫర్. ఇక్కడ చదువుకుంటున్న ఇండియా పిల్లల జీవితం మీద సినిమా తీస్తున్నానని వచ్చాడు.

ఏనీ ఫోన్లో ఆయన చరిత్రంతా చదివేసింది. పుట్టింది ఉత్తర ఫ్రాన్సులో ఓ బొగ్గుగనుల ఊరు. మొదటి సినిమా ఆ గనుల్లోనే తీశాడు. మసిగొట్టుకుపోయిన కూలీలు అందులో దేవుళ్ళలా వెలిగిపోయారని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. తర్వాత ఎడారి దేశంలో కరువు మీద తీశాడు. దానికీ అవార్డే. కష్టం ఎక్కడుంటే అక్కడికి కెమెరా మోసుకుపోయాడు. భార్యది మాంట్రియల్ కావడంతో చివరికి కెనడాలో స్థిరపడ్డాడు. ఈ మధ్య ఏం తీస్తున్నాడో మాత్రం ఎక్కడా రాయలేదు. ఏనీ అడగనూ లేదు. దేవుడే పంపాడనుకున్న మనిషిని ఆరాలు తీస్తారా ఎవరైనా?

ఆమె గొడవ ఆమెది. కాకినాడలో మిషన్ ఆసుపత్రి నర్సుగా నిక్షేపంలాంటి ఉద్యోగం చేసుకుంటున్న చెల్లెలు టీనా, అది వదిలేసి స్టూడెంట్ వీసా మీద వచ్చేస్తానంటోంది. ఉన్న ఒక్క ఇల్లూ బ్యాంకులో పెట్టడానికి తండ్రి ఎలియాజరు సిద్ధంగా ఉన్నాడు. కాగితాలు వచ్చాయి. సంతకమే తరువాయి.

వద్దని ఏనీ మొత్తుకుంది. “నువ్వు అద్దాల మేడలో చదువుకుంటూ చెల్లిని రావొద్దంటావేంటమ్మా?” అన్నాడు ఎలియాజరు.

ఆయన్నని లాభం లేదు. ఏడాదిగా కాలేజీలో అద్దాల హాలు ముందు నిలబడే ఇంటికి వీడియో కాల్ చేసింది ఏనీ. పగటి డ్యూటీ పిల్లలు లేచిన పరుపు మీదే రాత్రి డ్యూటీ పిల్లలు పడుకునే ఈ కొంపని ఒక్కసారీ చూపించలేదు. తన అబద్ధానికి తనే కాపలా కాసింది. ఇప్పుడు నిజం చెబితే కుళ్ళు అనుకుంటున్నారు.

అందుకే తండ్రితో ఒకటే అంది. “నా మాట నమ్మొద్దు నాన్నా. పేరున్న కెమెరామన్ మా మీద సినిమా తీస్తున్నాడు. అది చూశాకే సంతకం పెట్టు.”

ఎలియాజరు సరేనన్నాడు. సినిమా మీ ఊళ్ళో కూడా వేయిస్తానని కోర్వెల్ మాటిచ్చాడు. మా ఊరి మీద ఈయనకింత పట్టింపా అని ఏనీకి కళ్ళు చెమర్చాయి.

ఆ షూటింగ్ రోజునే ఇంటి ఓనరు శేషగిరి అంకుల్ కాఫీలు పట్టుకుని కిందికి దిగాడు. హీటర్ కాస్త పెంచితే చాలు పైనుంచి కేకలేసే మనిషి. కెమెరా అంటే ఎంత భయమో అని ఏనీ లోపల్లోపల నవ్వుకుంది. స్టాండ్లు పెట్టడానికి చోటు లేదని పరుపులన్నీ కెమెరా వెనక్కి చేర్చారు.

“మైకేదే?” అని చెవిలో అడిగింది రూమ్మేట్ ఝాన్సీలక్ష్మి.

“మన సినిమాల్లో మాత్రం అప్పుడే రికార్డ్ చేస్తారా? డబ్బింగ్‌కి పిలుస్తార్లే” అంది ఏనీ.

కోర్వెల్ ఆమెని కిటికీ పక్కన, ఆ ఎండలో కూర్చోబెట్టాడు. ఇంగ్లీషొద్దు, మీ భాషలోనే, మీ చెల్లెలితో చెబుతున్నట్టే చెప్పమన్నాడు.

“మీకు తెలుగు అర్థం కాదు కదా?” అంది ఏనీ.

“నాకు రాని ఏడు భాషల్లో సినిమాలు తీశానమ్మా” అన్నాడాయన తన ఫ్రెంచి యాస ఇంగ్లీషులో. “మాటల అవసరం నాకెప్పుడూ పడలేదు. ముఖం చాలు.”

ఏనీ చెప్పింది. పరుపుల సంగతి చెప్పింది. బస్టాపులో మొద్దుబారిన కాళ్ళ సంగతి, క్లాసులో కునికిపాట్ల సంగతి చెప్పింది. చెల్లీ, నువ్వు రావొద్దే అంటూ భోరుమంది. ఏడాదిగా ఎవరి ముందూ ఏడవని పిల్ల.

కోర్వెల్ కట్ చెప్పి, చెంప మీది నీటిచుక్క మెరిసేలా లైటు కాస్త జరిపాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ ఏడ్చింది. ఇంత నిజమైన ముఖం చూసి చాలా ఏళ్ళయిందని వెళ్ళేటప్పుడు ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు.

డబ్బింగ్‌కి పిలుపు రాలేదు. కొన్ని వారాల తర్వాత, వేర్‌హౌస్‌లో బ్రేక్ టైములో, టీనా దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఏనీ ఫోను చెవికి ఆనించుకుంది.

“అక్కా, నీ సినిమా నిన్న చూశాం. ఎంత బాగా తీశాడక్కా ఆయన. నాన్నయితే ఏడ్చేశాడు.”

ఏనీ గోడకి చేరగిలబడింది. గుండెల మీద బరువంతా దిగిపోయింది. దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. మెసేజ్ ఇంకా ఉంది.

“మన వీసా కన్సల్టెన్సీ వాళ్ళ తెర మీద, ఎండలో కూర్చుని, సంతోషం పట్టలేక ఏడుస్తూ ‘ఇక్కడ నాకే లోటూ లేదు, చెల్లీ నువ్వూ వచ్చెయ్’ అని నువ్వంటుంటే నాన్న అక్కడికక్కడే బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టేశాడు గానీ, ఆ చలికి నీ గొంతు అంతలా మారిపోయిందేంటక్కా?”